ఆన్‌లైన్‌లో వినికిడి, ప్రవర్తనా ప్రయోగాలు: సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు జాగ్రత్తలు

ప్రయోగశాలలో వినికిడి ప్రయోగం చేసేటప్పుడు గది నిశ్శబ్దం, హెడ్‌ఫోన్ల రకం, ధ్వని తీవ్రత, తెర వేగం అన్నీ పరిశోధకుడి అదుపులో ఉంటాయి. అదే ప్రయోగాన్ని ఇంటర్నెట్ ద్వారా నడిపితే ఇవన్నీ పాల్గొనేవారి చేతికి వెళ్లిపోతాయి. ప్రయోగాన్ని బ్రౌజర్‌లో నడిపే ఏ ప్లాట్‌ఫామ్ తీసుకున్నా దాని అధికారం బ్రౌజర్ దగ్గర ఆగిపోతుంది. దాని అవతల ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్, సౌండ్ కార్డు, హెడ్‌ఫోన్లు దాని మాట వినవు. కనుక ఏ ప్లాట్‌ఫామ్‌లో ఎన్ని సౌకర్యాలున్నాయని పోల్చడానికి ముందే, తన కొలతకు ఏది ప్రాణాధారమో, కాలమా, ధ్వని తీవ్రతా, ధ్వని నాణ్యతా, రెండు చెవుల మధ్య తేడానా, అన్నది పరిశోధకుడు తేల్చుకోవాలి. ఆ తరువాత ప్రతి ప్లాట్‌ఫామ్‌నూ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ ఒక్క విషయంలో బ్రౌజర్ వరకు ఎంత నియంత్రణ ఇస్తుంది, అవతల జరిగినదాన్ని ఎంతవరకు నమోదు చేస్తుంది?

కొన్ని ప్రయోగాలను అసలు ఆన్‌లైన్‌కు తీసుకుపోకూడదు. నిశ్శబ్దంలో ఒక వ్యక్తి వినగలిగే అతి తక్కువ ధ్వనిని డెసిబెళ్లలో కొలవాలంటే చెవి దగ్గర ధ్వని పీడనం ఎంతో ఖచ్చితంగా తెలియాలి. బ్రౌజర్‌కు ఆ సంఖ్య తెలిసే దారే లేదు, పాల్గొనేవారు వాల్యూమ్‌ను ఎక్కడ ఉంచారో కూడా దానికి కనబడదు. దీనికి భిన్నంగా, రొదలో మాటలను గుర్తించడం, రొద మధ్యలో స్వరాన్ని పసిగట్టడం, రెండు శబ్దాల్లో ఏది హెచ్చు స్థాయిదో చెప్పడం వంటి పనుల్లో ఫలితం ప్రధానంగా రెండు ధ్వనుల నిష్పత్తిపై ఆధారపడుతుంది కాబట్టి, మొత్తం తీవ్రత సౌకర్యవంతమైన పరిధిలో ఉన్నంత వరకు అవి ఆన్‌లైన్‌లో బాగానే నిలుస్తాయి. తీవ్రత తెలిసి తీరాలనుకుంటే బ్రౌజర్‌ను పక్కన పెట్టి, ముందుగానే క్రమాంకనం చేసిన (ధ్వని తీవ్రతను కొలిచి సరిచేసిన) టాబ్లెట్‌నూ హెడ్‌ఫోన్లనూ పాల్గొనేవారి ఇంటికి పంపే పద్ధతి మేలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్‌లో రూపొందిన పార్ట్ అనే ఐప్యాడ్ యాప్‌ను ఇలాంటి వినికిడి పరీక్షల కోసమే తయారుచేశారు.

ఇక ప్లాట్‌ఫామ్‌ల సంగతి. జెఎస్‌సైక్ ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీ; ఉచితం, ఎంతో వెసులుబాటు గలది, కాని దానికి సొంత సర్వర్ ఉండదు, ప్రయోగాన్ని ఎక్కడ ఉంచాలో, ఫలితాలు ఎక్కడ చేరాలో మనమే చూసుకోవాలి. జాటోస్ ఆ సర్వర్ పని చేస్తుంది. సైకోపై అనే పైథాన్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మల పద్ధతిలో తయారుచేసిన ప్రయోగం జావాస్క్రిప్ట్‌గా మారి పావ్లోవియా అనే వెబ్ సర్వర్‌లో నడుస్తుంది; అయితే పైథాన్‌లో పనిచేసే ప్రతి అంశమూ అటువైపు పనిచేయదు. అలాంటిదే అయిన ఓపెన్‌సెసమి ప్రయోగాలకూ ఇదే పరిమితి ఉంది. గొరిల్లా, ల్యాబ్‌వాన్స్‌డ్ వంటివి ప్రోగ్రామింగ్ రానివారికి సులువైనవి, సర్వర్ బాధ్యతను అవే మోస్తాయి, అందుకు రుసుము తీసుకుంటాయి. ధ్వని నాణ్యతకు మార్కులు వేయించే ప్రయోగమైతే ఎర్లాంగెన్‌లోని అంతర్జాతీయ ఆడియో ప్రయోగశాలలు ఇచ్చిన వెబ్‌ముష్రా ఉండగా వేరేది మొదటి నుంచి రాసుకోవడం వృథా శ్రమ. ప్రొలిఫిక్, మెకానికల్ టర్క్ వంటివి మనుషులను సమకూర్చేవి మాత్రమే, ప్రయోగాన్ని నడిపేవి కావు; ఈ తేడా తెలియక ఒకే చోట అన్నీ దొరుకుతాయని అనుకునేవారు తరచుగా కనబడతారు. ఒకచోటి నుంచి మరొకచోటికి పాల్గొనేవారి గుర్తింపు సంఖ్య తప్పిపోకుండా చేరుతుందో లేదో, ముగించినవారిని వెనక్కి పంపే లంకె పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే పని చేసిన వ్యక్తికి చెల్లింపు చేరదు.

కాలం విషయంలో ప్రచార పత్రాల్లోని మిల్లీసెకన్లను నమ్మడం కంటే, తన పనికి కావలసిన ఖచ్చితత్వం ఎంతో లెక్కవేసుకోవడం ముఖ్యం. 60 హెర్ట్జ్ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే మారుతుంది, కాబట్టి అందులో 50 మిల్లీసెకన్ల బొమ్మను మూడు ఫ్రేముల్లో చూపవచ్చు, 40 మిల్లీసెకన్ల బొమ్మను చూపలేము. వ్యవధిని ఫ్రేముల సంఖ్యగా రాసుకున్న ప్రయోగం 120 హెర్ట్జ్ తెరపై రెట్టింపు వేగంతో పరుగెడుతుంది; కనుక ఆ ప్లాట్‌ఫామ్ పాల్గొనేవారి తెర వేగాన్ని కొలిచి ఫలితాల్లో నమోదు చేస్తుందో లేదో అడగాలి. పాల్గొనేవారు వేరే ట్యాబ్‌కు వెళితే బ్రౌజర్ బొమ్మల మార్పును ఆపివేస్తుంది, టైమర్లను నెమ్మదింపజేస్తుంది. అందుచేత ట్యాబ్ మారిన ప్రతి సందర్భమూ, పూర్తి తెర నుంచి బయటికి వచ్చిన ప్రతి సందర్భమూ సమయంతో సహా రికార్డు కావాలి. 2018లో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక బ్రౌజర్లు తమ గడియారాల సూక్ష్మతను తగ్గించాయి కాబట్టి, పట్టికలో దశాంశాల తరువాత ఎన్ని అంకెలు కనిపించినా వాటన్నింటికీ విలువ ఇవ్వనక్కరలేదు.

ఆలస్యం రెండు రకాలు. ప్రతిసారీ ఒకే మోతాదులో ఉండే ఆలస్యం, ఒకే మనిషిలో రెండు పరిస్థితుల మధ్య తేడాను చూసే ప్రయోగంలో రెండు వైపులా కొట్టివేయబడుతుంది. ఒక్కోసారి ఒక్కోలా ఉండే ఆలస్యం మాత్రం రొదగా మిగిలిపోతుంది, దాన్ని ఎక్కువ ట్రయల్స్‌తో, అంటే అదే పనిని మరిన్నిసార్లు చేయించి, తగ్గించుకోవాలి. 2020లో పీర్‌జె పత్రికలో వచ్చిన ఒక విస్తృత పోలికలో ఒకే సాఫ్ట్‌వేర్ కూడా బ్రౌజరూ ఆపరేటింగ్ సిస్టమూ మారితే వేరు వేరు ఆలస్యాలు చూపింది. అంటే ప్లాట్‌ఫామ్ పేరు ఒక్కటే చూసి కాలాన్ని గురించి ఏమీ చెప్పలేము. అసలైన ప్రమాదం గుంపుల పోలికలో ఉంది. వృద్ధులు టాబ్లెట్లపైనా, యువకులు ల్యాప్‌టాప్‌లపైనా పాల్గొంటే పరికరాల తేడా వయసు తేడాలా కనిపిస్తుంది. బొమ్మకూ ధ్వనికీ మధ్య కొన్ని పదుల మిల్లీసెకన్ల అంతరాన్ని పరీక్షించే ప్రయోగమైతే, నా అభిప్రాయంలో, పరికరాన్ని మనమే పంపగలిగితే తప్ప ఆన్‌లైన్‌లో పెట్టకపోవడమే మంచిది.

ధ్వని వినిపించే తీరులో ప్లాట్‌ఫామ్‌ల మధ్య పెద్ద తేడాలుంటాయి, పరిశోధకులు వీటినే తక్కువగా పరిశీలిస్తారు. వెబ్ పేజీలో ధ్వనిని మామూలు ఆడియో ఎలిమెంట్ ద్వారా వినిపిస్తే అది ఎప్పుడు మొదలవుతుందో గట్టిగా చెప్పలేము. వెబ్ ఆడియో అనే విధానం ద్వారా వినిపిస్తే ధ్వని గడియారం ప్రకారం ఫలానా క్షణంలో మొదలుపెట్టమని ఆదేశించవచ్చు. ప్లాట్‌ఫామ్ ఏ విధానం వాడుతుందో దాని పత్రాల్లో చదవాలి, దొరకకపోతే నిర్వాహకులకు రాసి అడగాలి. 2018 నుంచి క్రోమ్, పాల్గొనేవారు ఒక మీటనైనా నొక్కే వరకు పేజీ తనంతట తాను ధ్వని చేయనివ్వదు. తక్కిన ప్రధాన బ్రౌజర్లలోనూ ఇటువంటి నిబంధనలున్నాయి. మొదటి ట్రయల్ మౌనంగా గడిచిపోకుండా ముందొక “మొదలుపెట్టండి” బటన్ ఉంచితే ఈ చిక్కు తీరుతుంది.

ధ్వని ఫైళ్లను ఎమ్‌పీ3గా మారిస్తే ఫైలు చిన్నదవుతుంది గాని మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది, ధ్వనిలోని కొన్ని సూక్ష్మ వివరాలు పోతాయి. వినికిడి ప్రయోగానికి ఏ వివరమూ పోగొట్టని వేవ్ లేదా ఫ్లాక్ రకం ఫైళ్లు వాడాలి. 44.1 కిలోహెర్ట్జ్ నమూనా రేటు (సెకనుకు 44,100 ధ్వని నమూనాలు), 16 బిట్ల స్టీరియో వేవ్ ఫైలు సెకనుకు సుమారు 176 కిలోబైట్లు తీసుకుంటుంది. రెండేసి సెకన్ల ధ్వనులు 200 ఉంటే మొత్తం 70 మెగాబైట్లు. ఇవన్నీ మొదటి ట్రయల్‌కు ముందే దించుకునే ఏర్పాటు లేని ప్లాట్‌ఫామ్‌లో నెట్ వేగమే ప్రయోగ వేగమవుతుంది. మనం 44.1 కిలోహెర్ట్జ్‌లో ఇచ్చినా పాల్గొనేవారి సౌండ్ కార్డు 48లో నడుస్తుంటే బ్రౌజర్ ఆ ధ్వనిని మార్చి వినిపిస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి; మాటలకు దీనివల్ల నష్టం కనబడదు, ఒక్కో నమూనాను లెక్కించే ప్రయోగాలకు కనబడుతుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లను ప్రతిస్పందన కాలం కొలిచే ప్రయోగాల్లో అనుమతించకూడదు. వాటి ఆలస్యం తరచుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది, అదీ ఒక్కో మోడల్‌లో ఒక్కో విధంగా ఉంటుంది. వాటిలో మరో చిక్కు ఉంది: పాల్గొనేవారి స్వరాన్ని రికార్డు చేయడానికి మైక్ తెరిచిన మరుక్షణం చాలా బ్లూటూత్ హెడ్‌సెట్లు ఫోను మాటల పద్ధతికి మారతాయి, అప్పుడు వినిపించే ధ్వని కూడా ఒకే చానెల్‌కు, 8 లేదా 16 కిలోహెర్ట్జ్ నమూనా రేటుకు పడిపోతుంది. మైక్ వాడే ప్రయోగాల్లో బ్రౌజర్ తనంతట తాను చేసే ప్రతిధ్వని నివారణ, రొద తగ్గింపు, స్థాయి సర్దుబాటు అనే మూడింటినీ ఆపివేసే వీలు ప్లాట్‌ఫామ్‌లో ఉండాలి. లేకపోతే మన చేతికి వచ్చేది మనిషి స్వరం కాదు, సాఫ్ట్‌వేర్ సవరించిన స్వరం.

హెడ్‌ఫోన్లు పెట్టుకోమని చెప్పడం సరిపోదు, పరీక్షించాలి. 2017లో వెలువడిన ఒక పద్ధతిలో 200 హెర్ట్జ్ స్వరాలు మూడు వినిపించి, అతి తక్కువ బిగ్గరగా ఉన్నది ఏదో చెప్పమంటారు. ఒక స్వరం నిజంగానే 6 డెసిబెళ్లు తక్కువ. మరొకటి రెండు చెవులకూ విరుద్ధ దశల్లో, అంటే ఒకవైపు ధ్వని అల పైకి లేస్తున్నప్పుడు మరోవైపు కిందికి దిగేలా, వెళుతుంది. స్పీకర్లలో అయితే విరుద్ధ దశలు గాలిలో ఒకదాన్నొకటి చంపుకొని ఆ స్వరమే తక్కువ బిగ్గరగా వినిపించి మోసం చేస్తుంది, హెడ్‌ఫోన్లలో అలా జరగదు. ఆరింటిలో ఐదు సరిగా చెప్పినవారిని ఉత్తీర్ణులుగా లెక్కిస్తారు. 2021లో వచ్చిన మరో పద్ధతి హగ్గిన్స్ స్వరాన్ని వాడుతుంది: రెండు చెవులకూ ఒకే రొద ఇచ్చి, ఒక సన్నని పౌనఃపున్య పట్టీలో మాత్రం ఒక చెవికి దశ మారిస్తే, రెండు చెవులతో విడివిడిగా విన్నప్పుడు మాత్రమే ఒక సన్నని స్వరం తోస్తుంది. ఈ రెండింటినీ అమర్చుకునే వీలున్న ప్లాట్‌ఫామ్‌నే ఎంచుకోవాలి. అయితే వినికిడి లోపం ఉన్నవారు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకొని కూడా ఈ పరీక్షల్లో తప్పవచ్చు. ఆ లోపాన్నే అధ్యయనం చేస్తూ, ఈ పరీక్షలో తప్పినవారిని తొలగిస్తే ఎవరి కోసం ప్రయోగం పెట్టామో వారినే బయటికి పంపినట్టవుతుంది. అటువంటప్పుడు ఎడమ చెవిలో, కుడి చెవిలో విడివిడిగా అంకెలు పలికించి ఎటు వినబడిందో అడగడం వంటి సులువైన తనిఖీ చాలు. ఫోన్లలో రెండు చెవులకూ ఒకే ధ్వనిని పంపే మోనో ఆడియో అనే అమరిక ఆన్ అయి ఉంటే అదీ ఇక్కడే బయటపడుతుంది.

చెవుల భద్రతను ప్లాట్‌ఫామ్ చూసుకుంటుందని అనుకోకూడదు. పాల్గొనేవారు ముందుగా ఒక ధ్వనిని విని వాల్యూమ్ సర్దుకుంటారు. ఆ ధ్వని ప్రయోగంలోని బలమైన ధ్వనికి సమానంగా ఉండాలి. అది 20 డెసిబెళ్లు తక్కువైతే, తరువాత వచ్చే ధ్వని పీడనంలో పది రెట్లు బలంగా చెవిలో పడుతుంది. జవాబులను బట్టి స్థాయి మారే స్టెయిర్‌కేస్ పద్ధతిలో పై హద్దును ప్రోగ్రామ్‌లోనే బిగించాలి, ఎందుకంటే ధ్యాస లేకుండా తప్పులు నొక్కుతూ పోయేవారికి స్థాయి పైకి ఎగబాకుతూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం పెద్దవారికి సూచించిన పరిమితి 80 డెసిబెళ్ల వద్ద వారానికి 40 గంటలు. బ్రౌజర్ నుంచి డెసిబెళ్లు తెలియవు కనుక, ముందు వాల్యూమ్‌ను బాగా తగ్గించి మెల్లగా పెంచుకోమనడమే మన చేతిలో ఉన్న రక్ష.

సమాచారం ఏ దేశపు సర్వర్లలో నిలుస్తుంది, పాల్గొన్న వ్యక్తి కోరితే తొలగించగలమా, స్వర రికార్డింగులు పేర్లతో ముడిపడకుండా ఉంటాయా అన్నవి నైతిక సమీక్ష సంఘానికి దరఖాస్తు పెట్టే ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఐరోపా వారిని తీసుకుంటే 2018 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వర్తిస్తుంది. ప్లాట్‌ఫామ్‌ను వదిలి వెళ్లే దారి కూడా వచ్చేటప్పుడే చూసుకోవాలి: ప్రతి ట్రయల్ వివరమూ మామూలు పట్టికగా బయటికి వస్తుందా, చందా ముగిసిన తరువాత ప్రయోగం మన చేతిలో మిగులుతుందా? ఉచిత లైబ్రరీలకూ ఈ జాగ్రత్త అవసరమే. జెఎస్‌సైక్ ఏడవ వెర్షన్ వచ్చినప్పుడు రాసే తీరు మారి, ఆరవ వెర్షన్ కోసం రాసిన ప్రయోగాలు యథాతథంగా పనిచేయలేదు. కాబట్టి మొదలుపెట్టిన వెర్షన్‌నే చివరి వరకు ఉంచాలి, దాని సంఖ్యను వ్యాసంలో రాయాలి.

ఎంపిక పూర్తయ్యాక కూడా ఒకేసారి తలుపులు తెరవకూడదు. విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్ ఒక్కోటి తీసుకొని, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో మొత్తం ప్రయోగాన్ని చివరి వరకు నడిపి, ధ్వని వెలువడిన క్షణాన్ని వేరే రికార్డర్‌తో పట్టి ఫైలులోని సమయంతో పోల్చాలి. ఫోన్లను అనుమతించనిదైతే వాటిని ప్లాట్‌ఫామే ప్రవేశం దగ్గర ఆపుతుందో లేదో ఇప్పుడే తేలుతుంది. ఆ తరువాత కొద్దిమందితో మొదలుపెట్టి, వారి ఫలితాలను విశ్లేషణ ప్రోగ్రామ్‌లోకి ఎక్కించి, ప్రతి నిలువు వరుసా నిండి వచ్చిందని, బ్రౌజర్ పేరు, తెర వేగం, ట్యాబ్ మార్పులు, హెడ్‌ఫోన్ పరీక్ష జవాబులు అన్నీ అందులో ఉన్నాయని చూసుకున్నాకే మిగతావారికి తెరవాలి.