జయపురం–విశాఖ రూట్లో బస్సు డ్రైవర్ మీద కంప్లైంట్ పెట్టే ముందు

డ్రైవర్ ఆపలేదు, లేటు చేశాడు, సడన్ బ్రేక్ కొట్టాడు, అడిగితే కసురుకున్నాడు. ఒడిశాలోని జయపురం నుంచి కొరాపుట్, సాలూరు, విజయనగరం మీదుగా ఆంధ్రలోని విశాఖ వెళ్లే బండి నడిపే మాలాంటి వాళ్లకి రోజూ వినపడే మాటలివే. వీటిలో కొన్ని నిజంగా డ్రైవర్ తప్పులు, వాటిని అస్సలు వదలొద్దు. కొన్ని మాత్రం రోడ్డు వల్లో, పర్మిట్ వల్లో, చెకింగ్ వల్లో వచ్చేవి, వాటికి డ్రైవర్ని తిట్టినా ఫలితం ఉండదు. ఏది ఎవరి చేతిలో ఉందో తెలుసుకుని ఫిర్యాదు చేస్తే అది పనిచేస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అందరికన్నా ఎక్కువగా వచ్చేది, చెయ్యెత్తితే ఆపలేదని. కొరాపుట్‌కీ సాలూరుకీ మధ్య ఉన్న సుంకి ఘాట్‌లో మలుపు మీద నిలబడి చెయ్యెత్తితే ఏ డ్రైవరూ ఆపడు, ఆపకూడదు కూడా. నిండు బండిని మలుపులో ఆపితే వెనక వచ్చే లారీవాడికి నేను కనిపించేది అతను మలుపు తిరిగాకే, సాలూరు అంటేనే లారీల ఊరు, ఆ రోడ్డు మీద వెనక లారీ లేని సమయం దొరకదు. బండి ఘాట్ ఎక్కేటప్పుడు ఆపితే ఇంకో ఇబ్బంది. ఎత్తు మీద ఆగిన బండి మళ్లీ కదిలేలోపు ఒక్కోసారి కొంచెం వెనక్కి జారుతుంది, సరిగ్గా అప్పుడే వెనక బంపర్‌కి ఆనించి ఎవరో బైకు ఆపి ఉంటాడు. కాబట్టి మలుపు దాటి రోడ్డు తిన్నగా అయ్యాక, పక్కన బండి దిగేంత జాగా ఉన్న చోట నిలబడండి. బండి మీ ముందుకొచ్చాక కాదు, దూరంగా కనిపించగానే చెయ్యెత్తండి. రాత్రయితే ఫోన్ లైటు మీ కాళ్ల దగ్గర వేసి ఊపండి, మా కళ్లలోకి కొడితే లైటు తప్ప మనిషి కనపడడు. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున పొట్టంగి, సిమిలిగుడ వైపు పొగమంచు ఎలా ఉంటుందో మీకు తెలుసు, ముదురు రంగు దుప్పటి కప్పుకుని నిలబడితే పది అడుగుల దాకా కనిపించరు, ఒక తెల్ల తువ్వాలు చేతిలో పట్టుకున్నా చాలు.

ఇక పర్మిట్ సంగతి. దారిలో ఎక్కించుకుంటూ దింపుకుంటూ వెళ్లే బండికి స్టేజ్ క్యారేజ్ పర్మిట్ ఉంటుంది. టూరిస్టు బండ్లు, పెళ్లి బండ్లు కాంట్రాక్ట్ క్యారేజ్ కిందకి వస్తాయి, అవి మధ్యలో ఎవరినీ ఎక్కించుకోకూడదని చట్టమే చెబుతుంది. ఖాళీ సీట్లు కనిపిస్తున్నా ఆపలేదని కోపం తెచ్చుకునే ముందు అది ఏ బండో చూడండి.

తరువాతది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది, ఘాట్ దిగేటప్పుడు "ఏంటి బాబూ ఇంత స్లో, ఎడ్లబండి నయం" అనే మాట. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, సాలూరు 120 మీటర్ల లోపే. ఆ దిగుడులో ఎక్కువ భాగం ఘాట్‌లోనే ఉంటుంది. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు వేయాలని మాకు నేర్పిన పాత డ్రైవర్లు చెప్పేవారు, ఇప్పటికీ దానికి మించిన పద్ధతి లేదు. చిన్న గేరులో దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, అందుకే అంత గోల చేస్తుంది, ఆ గోల విని బండి చెడిపోయిందనుకోవద్దు. పెద్ద గేరులో వదిలేసి బ్రేకు మీదే దింపితే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి వాటిని ఒరుసుకునే లైనింగు కాలిన వాసన వస్తుంది, ఆ తరువాత పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. పైగా మావి ఎయిర్ బ్రేకులు. తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి కొంత పోతుంది, కంప్రెసర్ మళ్లీ నింపాలి, వరుసగా తొక్కుతూ పోతే డ్యాష్‌బోర్డు మీద గాలి ఎంతుందో చూపే ముల్లు కిందికి దిగుతుంది. ఘాట్‌లో నా కన్ను సగం రోడ్డు మీద ఉంటే సగం ఆ ముల్లు మీద ఉంటుంది. పొద్దున్నే స్టాండులో ఇంజిన్ స్టార్ట్ చేసి కదలకుండా నిలబెట్టేది కూడా ఆ గాలి ఎక్కడానికే, డీజిల్ తగలేస్తున్నాడని అనుకోకండి.

ఇరుకు చోట ఎదురుగా బండి ఎక్కి వస్తే దిగేవాడు ఆగి దారివ్వాలి, అది రూలు. ఆగినందుకు వెనక సీట్ల నుంచి కేకలు వేయొద్దు. మీరు నిజంగా గమనించాల్సింది ఒకటుంది: దిగుడులో ఇంజిన్ చప్పుడు లేకుండా బండి హాయిగా జారిపోతోందంటే, డ్రైవర్ గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలాడేమో అనుమానించండి. డీజిల్ మిగుల్చుకోవడానికి ఆ పని చేసేవాళ్లు ఉన్నారు. వెంటనే హెల్పర్‌కి చెప్పండి, దిగాక ఫిర్యాదు కూడా పెట్టండి.

సడన్ బ్రేకు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆవు అడ్డం వస్తే కొట్టక తప్పదు. బండి కదిలాక నడవొద్దు, పై రాడ్డు ఒక చేత్తో కాదు, రెండు చేతులతో పట్టుకోండి. వెనక టైర్ల తరువాత ఉండే సీట్లకి కుదుపు చాలా ఎక్కువ, నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు, వాంతులయ్యేవాళ్లు మధ్య సీట్లు అడగండి, ముందే చెబితే హెల్పర్ సర్దుతాడు. కడుపు నిండా తిని ఘాట్ ఎక్కొద్దు, ఫోన్ చూడొద్దు, దూరంగా చూడండి. కవరు దగ్గర పెట్టుకోండి. వాంతి వచ్చిందని తల బయట మాత్రం పెట్టకండి, ఎదురొచ్చే లారీకీ మన కిటికీకీ మధ్య అక్కడ జానెడే ఉంటుంది. తట్టుకోలేకపోతే చెప్పండి, జాగా దొరగ్గానే ఆపుతాం.

లేటు విషయానికొస్తే, సరిహద్దు బండి కాబట్టి చెకింగ్ తప్పదు, అందులో ఎక్కువ గంజాయి కోసమే. పోలీసులు ఎక్కి ప్రతి సంచీ ఎవరిదని అడుగుతారు. ఎవరిదో చెప్పని సంచి ఒక్కటి దొరికితే బండి మొత్తం ఆగిపోతుంది, డ్రైవర్, హెల్పర్ కూడా సమాధానం చెప్పుకోవాలి. మీ సంచి మీ సీటు పైనే పెట్టుకోండి, మీది మీదే అని వెంటనే చెప్పండి. "అన్నయ్యా, ఇది విజయనగరంలో మా తమ్ముడికి ఇచ్చేయవా" అని ముక్కూ మొహం తెలియని మనిషి ఇచ్చిన సంచి దయచేసి తీసుకోవద్దు. కాలేజీ పిల్లలకి ఇది మరీ మరీ చెబుతున్నాను, జాలిపడి తీసుకుంటే ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

శుక్రవారం కుండులి సంత ఉంటుంది, ఆ రోజు అల్లం బస్తాలు, కోళ్లు, కూరగాయల గంపలతో ఒక్కో స్టాపులో ఎక్కువసేపు ఆగక తప్పదు. ఆ అమ్మలు వారమంతా కష్టపడి తెచ్చిన సరుకు అది, వాళ్లని దించేసి పోలేం. విశాఖలో ఆసుపత్రి అపాయింట్‌మెంటో, రైలో ఉంటే శుక్రవారం ఒక బండి ముందే ఎక్కండి.

టీ దగ్గర ఎక్కువసేపు ఆపాడని కూడా అంటారు. 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం ప్రకారం డ్రైవర్‌తో ఏకధాటిగా 5 గంటలకు మించి పని చేయించకూడదు, కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి అని ఉండేది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అనేది అందులో మామూలు పరిమితి. ఆ అరగంట మా సరదా కోసం కాదు, ఘాట్‌లో కన్ను మూతపడకుండా ఉండటం కోసం.

ఈ మధ్య కొత్తగా టికెట్ గొడవలు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఫ్రీ ప్రయాణం వచ్చింది. అది ఆ రాష్ట్రపు మహిళలకి, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో. రాష్ట్రాలు దాటే సర్వీసులకి వర్తించదు. "అక్కడ ఫ్రీ కదా, ఇక్కడ డబ్బులెందుకు" అని హెల్పర్‌తో వాదించినా ఏమీ మారదు. సాలూరు పుట్టింటి నుంచి విజయనగరం వెళ్లే ఆడపడుచులు, అడ్రసు ఆంధ్రదైతే, ఆధార్ పట్టుకుని లోకల్ ఆర్టీసీ బస్సెక్కండి, డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు వదలకూడని ఫిర్యాదులు. చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడటం, మలుపులో ఓవర్‌టేక్, తాగి నడపడం, ఆడవాళ్లతో తప్పుగా మాట్లాడటం, దింపాల్సిన చోటు కాకుండా చీకట్లో ఎక్కడో దింపేయడం. మోటారు వాహనాల చట్టంలో 184 సెక్షన్ ప్రమాదకరంగా నడపడానికి, 185 తాగి నడపడానికి. నడుస్తున్న బండిలో డ్రైవర్ భుజం తట్టి గొడవ పెట్టుకోవద్దు, ముందు హెల్పర్‌కి చెప్పండి. ప్రాణానికి ప్రమాదమనిపిస్తే 112కి ఫోన్ చేయండి, ఆంధ్రలోనూ ఒడిశాలోనూ అదే నంబరు. దిగాక రాతపూర్వకంగా ఇవ్వండి: ఆర్టీసీ బండైతే డిపో మేనేజర్‌కి, ప్రైవేటు బండైతే ఆర్టీఓ ఆఫీసుకి. నంబరు ఓడీ 10తో మొదలైతే కొరాపుట్, ఓడీ 18 అయితే రాయగడ.

"డ్రైవర్ బాగా నడపలేదు" అని రాస్తే ఆ కాగితం పక్కన పడేస్తారు. ఇలా రాయండి: "ఫలానా తేదీ, సాయంత్రం 4:20, సుంకి నుంచి సాలూరు వైపు దిగుతుండగా, ఫలానా నంబరు బండి డ్రైవర్ చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడుతూ మూడు మలుపులు తిప్పాడు, నేను కుడివైపు రెండో వరుసలో కూర్చుని చూశాను." దానికి టికెట్ ఫొటో జోడించండి. అసలు టికెట్‌ని జవాబు వచ్చేదాకా పారేయకండి, ఆ బండిలో మీరు ఉన్నారనడానికి అదే రుజువు.