వనభోజనాలకు తోటకు వెళ్లే ముందు

దీపావళి వెళ్లిన మర్నాడే కార్తీకం మొదలు. ఇక ఆదివారం వస్తే చాలు, టౌన్ల నుంచి కార్లన్నీ ఊళ్ల దారి పడతాయి. ఉసిరి చెట్టు కింద పూజ, పులిహోర, పెద్దవాళ్లకు పేకాట, పిల్లలకు తోటంతా ఆట. సరదా సంగతి సరే. వానలు అప్పుడే వెనకబట్టిన కాలం కాబట్టి బావులు, కుంటలు నిండుగా ఉంటాయి. గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంటుంది. పక్క పొలంలో వరి కోతలు నడుస్తుంటాయి. పొలం అలవాటు లేనివాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని తిరగాల్సిన రోజులివి.

చాపలు పరిచే ముందు ఒక పని చేయండి. తోట చూసుకునే మనిషిని, అంటే కౌలు రైతునో కాపలా తాతనో, వెంటబెట్టుకుని చుట్టూ ఒకసారి తిరగండి. ఓనర్‌ను అడిగితే చాలదు. ఆయన హైదరాబాద్‌లో ఉండి తాళంచెవి పంపించే రకమైతే ఏ గట్టు కింద ఏముందో ఆయనకూ తెలియదు. "బాబాయ్, బావి ఎటుంది? కరెంటు తీగలు ఎక్కడి నుంచి వెళ్తున్నాయి? ఈ మధ్య పురుగుమందు కొట్టారా? పాములు ఎటు తిరుగుతున్నాయి?" ఈ నాలుగూ అడిగితే మిగతావి ఆయనే చెప్తాడు.

పాము అంటే అందరూ భయపడతారు. నీళ్లంటే మాత్రం ఎవరికీ టెన్షన్ ఉండదు. నా దృష్టిలో తోటలో అన్నిటికన్నా ప్రమాదం నీళ్లే. ఉపాధి హామీలో తవ్విన పంట కుంటలు సుమారు 3 మీటర్ల లోతుంటాయి, చాలావాటికి కంచె ఉండదు. దానిమ్మ, మామిడి తోటల్లో నీళ్లు ఇంకకుండా నల్ల ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలు ఇంకా మోసం. పైకి స్విమ్మింగ్ పూల్ మాదిరి శుభ్రంగా కనిపిస్తాయి. ఏటవాలు షీటు మీద నాచు పట్టి కాలు నిలవదు, పట్టుకోవడానికి వేరూ ఉండదు, రాయీ ఉండదు. ఈత వచ్చిన కుర్రాడు కూడా గట్టెక్కలేక అలసిపోతాడు. అలాంటి కుంట ఉంటే, వెళ్లగానే ముడులు వేసిన లావుపాటి తాడును గట్టు మీద చెట్టుకో గుంజకో కట్టి నీళ్లలోకి వదలండి. గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఎవరైనా పడితే వెంటనే దూకొద్దు. తాడో, చీరో, పొడుగాటి కర్రో అందించండి. కాపాడబోయినవాళ్లు కూడా మునిగిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

పిల్లల్ని చూసే పని "అందరం చూస్తున్నాంలే" అని వదిలేస్తే ఎవరూ చూడరు. ఒకరి పేరు చెప్పి అప్పగించండి. ఆ గంటసేపు వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు, పేక ముక్కలూ ఉండకూడదు. గంట కాగానే ఇంకొకరు. కార్తీక స్నానం అని నదిలో దిగేవాళ్లు ఊరివాళ్లు దిగే రేవులోనే దిగండి. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు పక్కనే నిలువు లోతు గుంట ఉంటుంది.

ఇక కరెంటు. బోరు మోటారు, స్టార్టర్ డబ్బా, స్తంభానికి కట్టిన స్టే వైరు, వీటి దరిదాపుల్లోకి పిల్లల్ని పోనివ్వొద్దు. మోటారు కింద స్నానాలు చేయాలంటే తోట మనిషే ఆన్ చేయాలి, తడి చేతులతో మనం స్విచ్ ముట్టకూడదు. తెగిన తీగ కనిపిస్తే దూరంగా జరిగి 1912కు ఫోన్ చేయండి. అడవి అంచు ఊళ్లలో అడవిపందుల కోసం కొందరు దొంగతనంగా గట్ల వెంట కరెంటు తీగ లాగుతారు. నేరమని తెలిసినా మానరు. కాబట్టి అలాంటి చోట పొద్దుగూకాక పక్క పొలాల గట్ల మీద షికార్లు వద్దు.

పాముల సంగతికి వస్తే, గడ్డివాము, కట్టెల మోపు, రాళ్ల కుప్ప, వీటిల్లో చెయ్యి పెట్టకండి. పొయ్యికి కట్టెలు ఏరేది పిల్లలే కదా, అక్కడే ఇబ్బంది. రక్తపింజరి మందంగా, గొలుసు మచ్చలతో ఉండేసరికి కొండచిలువ పిల్ల అనుకుని దగ్గరికి వెళ్తారు. అది బుసకొడితే కుక్కర్ విజిల్‌లా వినిపిస్తుంది. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరులు, ఈ నాలుగింటికీ ఒకటే విషం విరుగుడు ఇంజెక్షన్. అది దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో బయల్దేరే ముందే కనుక్కోండి. తోటల్లో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో కూడా చూసుకోండి.

పొయ్యి పెట్టే ముందు తలెత్తి చూడండి. మర్రి, రావి లాంటి పెద్ద చెట్ల కొమ్మలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. పొగ తగిలిందా, ఈగలు లేస్తాయి. లేస్తే తల, ముఖం గుడ్డతో కప్పుకుని కారులోకో గదిలోకో పరుగెత్తాలి. చేతులు విసరొద్దు, నీళ్లలోకి దూకొద్దు. ముల్లు ఉంటే వెంటనే గోరుతో గీకేయండి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా, చాలా ఈగలు కుట్టినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

చిన్నపిల్లలు కంచెల దగ్గర గురివింద గింజలు ఏరుతారు. ఎర్రగా, నల్లచుక్కతో ముద్దొస్తాయి. నమిలితే విషం. ఆముదం, నేపాళం, పచ్చగన్నేరు కాయలు కూడా అంతే. పురుగుమందు ఖాళీ డబ్బాను నీళ్లకు గానీ, ఆటకు గానీ వాడనివ్వొద్దు. ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద రైడ్ అడిగితే, ఎంత ఏడ్చినా ఒప్పుకోకండి. ఉరుము వినపడగానే చెట్ల కింద నుంచి లేచి కార్లలో కూర్చోండి. కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు వెళ్లండి.

ఇంటికి రాగానే వేసుకున్న బట్టలు వేడినీళ్లలో నానేసి, అందరూ ఒళ్లు రుద్దుకుని స్నానం చేయండి. గడ్డిలో కంటికి ఆనని నల్లి (మంచాల్లో ఉండేది కాదు, మైట్) పిల్లలుంటాయి. అవి కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. తర్వాత రెండు మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి వచ్చి తగ్గకపోతే చంకలు, గజ్జలు, నడుము దగ్గర చూడండి. సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్లటి చెక్కు కనిపించవచ్చు, కొందరికి అదీ ఉండదు. మామూలు యాంటీబయాటిక్స్ చాలావరకు దీనికి పనిచేయవు, డాక్సీసైక్లిన్ లాంటివి త్వరగా మొదలుపెడితే తగ్గుతుంది. తోటకు వెళ్లొచ్చిన సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.