వాగులో చేపకు దారి తెరవడం: హైదరాబాద్ చుట్టుపక్కల పనిచేసే జీవశాస్త్రవేత్తకు ఒక పని పద్ధతి

తొలకరి వానలకు వాగు మొదటిసారి నిండుగా పారిన రోజున ఏదైనా కత్వ (వాగు నీటిని కాలువకు మళ్ళించే అడ్డుగోడ) దగ్గరికి వెళ్ళి చూడండి. కత్వకు ఎగువన ఒక్కరూ కనిపించరు. దిగువన మాత్రం మోకాలి లోతు నీళ్ళలో విసురు వలలతో, బుట్టలతో, కొన్నిసార్లు చీర చెంగుతో కూడా ఊరు ఊరంతా నిలబడి ఉంటుంది. కొత్త నీటికి ఎదురెక్కుతున్న చేప అక్కడికి వచ్చి ఆగిపోతుంది కనుకనే వాళ్ళు అక్కడ ఉన్నారు. చేపలదారి పునరుద్ధరణ పనిలో మీకు దొరికే మొట్టమొదటి సమాచారం ఇదే, పైగా దీనికి ఏ పరికరమూ అక్కరలేదు. వలలు ఎక్కడ గుమికూడుతున్నాయో పటంలో గుర్తు పెట్టుకుంటూ పోతే, ఆ వాగు మీద చేపకు అడ్డుపడుతున్న కట్టడాల జాబితా సగం తయారైనట్టే.

చేపల వలస అనగానే మనకు సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే పులస గుర్తుకొస్తుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని ప్రయాణానికి హద్దు గీసిన సంగతీ తెలిసిందే. కానీ హైదరాబాద్ చుట్టూ ఉన్న వాగుల్లో మనం పట్టించుకోవలసిన ప్రయాణాలు అంత దూరపువి కావు. ఎండాకాలమంతా మడుగులోనో చెరువులోనో తలదాచుకున్న పరక, జెల్ల, బొమ్మిడాయి, రవ్వ వంటివి వాన పడగానే పైకి ఎక్కి, నీరు పలచగా పరుచుకున్న గడ్డి ఒడ్లలోనో గులకరాళ్ళ మీదో గుడ్లు పెట్టి, నీరు తగ్గేలోపు పిల్లలతో సహా తిరిగి లోతుకు చేరాలి. ఈ రాకపోకలకు దొరికే గడువు కొన్ని వారాలు మాత్రమే. ఆ వారాల్లో ఒక్క రెండడుగుల గోడ అడ్డుపడినా ఆ ఏటి సంతానం పోయినట్టే.

కొలతలు ఎప్పుడు తీయాలి

ఈ పనిలో నేను తరచుగా చూసే పొరపాటు సర్వేను ఏప్రిల్, మే నెలల్లో ముగించడం. ఎండిన వాగులో నడవడం సులువు, కట్టడం పూర్తిగా కనిపిస్తుంది, ఇంజినీరు కూడా అందుబాటులో ఉంటాడు. అయితే అప్పుడు కొలిచేది సిమెంటును మాత్రమే. చేపకు అడ్డుపడేది ఆ సిమెంటు మీద నీరు ప్రవర్తించే తీరు. అందువల్ల వేసవిలో కట్టడం పొడవు, వెడల్పు, ఎత్తు, వాలు కొలిచి ఉంచుకుని, వానాకాలంలో అదే చోటికి కనీసం మూడుసార్లు వెళ్ళాలి: మొదటి పారకానికి ఒకసారి, ఉద్ధృతి తరువాత నీరు నిలకడగా పారుతున్నప్పుడు ఒకసారి, తగ్గుముఖం పట్టినప్పుడు మరొకసారి. వేసవిలో కాలితో దాటగలిగే మత్తడి వరదలో పూర్తిగా మునిగి అడ్డంకి కాకుండా పోవచ్చు. వేసవిలో నిరపాయంగా కనిపించిన సిమెంటు పైపు వానలో తుపాకీ గొట్టంలా నీటిని చిమ్మవచ్చు.

ప్రతిసారీ నాలుగు కొలతలు తీయండి. మొదటిది పై నీటిమట్టానికీ కింది నీటిమట్టానికీ మధ్య తేడా. గోడ ఎత్తు వేరు, ఈ తేడా వేరు. ఈ రెండింటినీ ఒకటిగా రాసిన నివేదికలు ఎందుకూ పనికిరావు. రెండవది నీరు దూకే చోట కింద ఉన్న గుంట లోతు. చేప ఎగరాలంటే ముందు వేగం పుంజుకోవడానికి లోతు కావాలి, ఆ గుంట లేకుండా నీరు నేరుగా సిమెంటు గచ్చు మీద పడుతుంటే ఎగరగల రవ్వ కూడా ఎగరలేదు. మూడవది గచ్చు మీదనో పైపులోనో ఉన్న నీటి లోతు. చేప వీపు మునగనంత పలచని నీటిలో తోక పట్టు దొరకదు. నాలుగవది వేగం. నీటి వేగం కొలిచే కరెంట్ మీటరు లేకపోయినా ఫరవాలేదు: పది మీటర్ల దూరం కొలిచి, సగం మునిగే నారింజ పండునో ఎండు కొబ్బరి ముక్కనో వదిలి, అది దాటడానికి పట్టిన క్షణాలు లెక్కించి, అయిదారుసార్ల సగటు తీసుకుని, వచ్చిన ఉపరితల వేగాన్ని 0.85తో గుణిస్తే సగటు వేగం దాదాపుగా తెలుస్తుంది. అడుగున, రాళ్ళ వెనుక, ఒడ్డు అంచున వేగం ఇంకా తక్కువ ఉంటుందనీ, చిన్న చేప సరిగ్గా ఆ సందుల్లోంచే పైకి పాకుతుందనీ మరిచిపోకండి.

పారే వాగులోకి ఎన్నడూ ఒంటరిగా దిగవద్దు. నడుముకు తాడు, ఒడ్డున మనిషి, ఎగువన వాన కబురు తెలిపే ఫోను ఉండాలి. గండిపేట, హిమాయత్ సాగర్ దిగువన పనిచేసేటప్పుడు గేట్లు ఎత్తే సమాచారం జలమండలి నుంచి తెలుసుకోకుండా నీళ్ళలో కాలు పెట్టకూడదు.

చేప బలాన్ని లెక్క కట్టడం

ఇక్కడ కాస్త ఓపికగా చదవాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతో కట్టిన చేపల నిచ్చెనలు (చేప గోడను దాటి పైకి ఎక్కడానికి కట్టే దారులు) విఫలమయ్యేది ఈ లెక్క తప్పినప్పుడే. చేప ఒక్క ఊపున ఈదే గరిష్ఠ వేగం దాని ఒంటి పొడవుకు సుమారు పది రెట్లు, సెకనుకు. ఆ ఊపు ఇరవై సెకన్లకు మించి నిలవదు. ఇది జాతిని బట్టి, నీటి వేడిని బట్టి మారే మోటు లెక్కే అయినా తొలి అంచనాకు సరిపోతుంది. దీని ప్రకారం 45 సెంటీమీటర్ల రవ్వ సెకనుకు నాలుగున్నర మీటర్ల వేగాన్ని అందుకోగలదు, 10 సెంటీమీటర్ల పరక ఒక్క మీటరును మాత్రమే.

ఇప్పుడు నీటి వైపు నుంచి చూద్దాం. ఒక మెట్టు మీద నుంచి నీరు దిగేటప్పుడు అందుకునే వేగం, ఆ మెట్టు ఎత్తును గురుత్వ త్వరణంతోను, రెండుతోను గుణించి తీసిన వర్గమూలానికి సమానం. మెట్టు 30 సెంటీమీటర్లయితే వేగం సెకనుకు 2.4 మీటర్లు, 10 సెంటీమీటర్లయితే 1.4 మీటర్లు, 5 సెంటీమీటర్లయితే దాదాపు ఒక మీటరు. సాల్మన్ చేపల కోసం రూపొందిన నిచ్చెనల్లో 30 సెంటీమీటర్ల మెట్టు మామూలే, మన రవ్వ కూడా దాన్ని దాటగలదు. పరకకు మాత్రం అది గోడతో సమానం. 5 సెంటీమీటర్ల మెట్టు కూడా దానికి శక్తి మొత్తం ఖర్చుపెట్టించే పరీక్షే కనుక, పక్కన నెమ్మది నీటి సందు ఒకటి తప్పకుండా ఉండాలి.

పైపు కల్వర్టులకు మరో లెక్క ఉంది. రోడ్డు కింద ఆరు మీటర్ల పొడవున నున్నటి పైపు ఉండి, అందులో నీరు సెకనుకు 0.8 మీటర్ల వేగంతో వస్తున్నదనుకుందాం. ఒక మీటరు వేగంతో ఈదే పరక నిజానికి ముందుకు కదిలేది సెకనుకు 0.2 మీటర్లే, కాబట్టి పైపు దాటడానికి ముప్ఫై సెకన్లు కావాలి. దాని ఊపు ఇరవై సెకన్లకే అయిపోతుంది. పైపు నోటి దగ్గర ఎగరవలసిన ఎత్తు ఏమీ లేకపోయినా, చూసేవారికి నీరు ప్రశాంతంగా కనిపించినా, ఆ చేప మూడింట రెండు వంతులు వెళ్ళి వెనక్కి కొట్టుకొస్తుంది. ఒక మండల రోడ్డు మీద ఇటువంటి కల్వర్టు దగ్గర నేను గంటసేపు కూర్చుని, అవే చేపలు మళ్ళీ మళ్ళీ లోపలికి వెళ్ళి మళ్ళీ మళ్ళీ బయటపడడం చూశాను. అది చూసిన తరువాత ఈ లెక్కను నాకు ఎవరూ గుర్తు చేయవలసిన అవసరం రాలేదు.

కాబట్టి మీ వాగులో ఎదురెక్కే జాతుల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని, బలహీనమైనదాన్ని ఎంచుకుని దాని కొలతతో దారిని రూపొందించండి. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కనుక దాని పేరు చెబితే అధికారులు ఆసక్తిగా వింటారు. అయితే గాలి పీల్చుకుంటూ తడి నేల మీద కూడా కొంత దూరం పాకగల ఆ చేపను కొలమానంగా తీసుకుంటే మిగిలినవన్నీ కిందే ఉండిపోతాయి.

ఏ అడ్డంకిని ముందు తీయాలి

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మధ్యగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పుస్తకాల పద్ధతి ప్రకారం దిగువ నుంచి ఎగువకు ఒక్కొక్క అడ్డంకినీ తొలగించుకుంటూ రావాలి. ఇక్కడ ఆ పద్ధతి పనిచేయదు. నగరం లోపలా, నగరం దాటిన తరువాత చాలా దూరం వరకూ నదిలో మురుగునీటి భారం ఉంది. ఊపిరాడని నీటిలోకి దారి తెరవడం చేపకు ఉపకారం కాదు. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ (గండిపేట), 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ వంటి ఎత్తయిన ఆనకట్టలతో మొదలుపెట్టడం కూడా తెలివైన పని కాదు.

నా సలహా ఈ రెండు జలాశయాలకు ఎగువన మొదలుపెట్టమనే. ఎండాకాలం జలాశయంలో గడిపిన చేప వానకు మూసీలోకి, దాని ఉపనది ఈసీలోకి, వాటి పిల్లవాగుల్లోకి ఎక్కుతుంది. జలాశయం వెనుక నీటి అంచు నుంచి పైకి నడుస్తూ వస్తే మీకు ఎదురయ్యే మొదటి చెక్ డ్యాం, మొదటి లోలెవల్ వంతెన అన్నిటికన్నా ముఖ్యమైనవి, ఎందుకంటే వాటిని దాటలేకపోతే పైనున్న గుడ్లు పెట్టే చోట్లన్నీ ఆ చేపకు లేనట్టే. ప్రతి అడ్డంకికీ, దాన్ని తీస్తే పైన తదుపరి అడ్డంకి వరకు ఎంత పొడవు వాగు కలిసొస్తుందో, అందులో మంచి ఆవాసం ఎంతో రాసుకోండి. తక్కువ ఖర్చుతో ఎక్కువ వాగు తెరుచుకునేది ముందు.

కొన్ని అడ్డంకులను తీయకూడదు. దిగువన తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, జనం దెయ్యం చేప అని పిలిచే గట్టి పొలుసుల పరాయి చేప ఉండి, ఎగువన ఇంకా స్థానిక చేపలే మిగిలి ఉంటే, ఆ గోడ ఇప్పుడు కాపలా కాస్తున్నట్టే. దారి తెరవడానికి ముందు రెండు వైపులా వల వేసి చూడకపోవడం క్షమించరాని తప్పు.

ఏం కట్టాలి, ఎలా కట్టాలి

వాడకంలో లేని చెక్ డ్యాం అయితే పూర్తిగా తీసివేయడం అన్నిటికన్నా మేలు. నిర్వహణ ఖర్చు ఉండదు, ఏ చేపకూ లెక్కలు కట్టవలసిన పని ఉండదు. కల్వర్టు మార్చే అవకాశం వస్తే, వరుసగా పేర్చిన పైపుల స్థానంలో వాగు నిండుగా పారే వెడల్పుకన్నా కొంచెం ఎక్కువ వెడల్పున్న బాక్సు కల్వర్టు వేయించి, దాని అడుగును వాగు మట్టానికి కిందికి దించి, లోపల వాగు రాళ్ళూ ఇసుకా పరిపించండి. నీరు తాను కల్వర్టులో ఉన్నానన్న సంగతే గుర్తించకూడదు.

కత్వ సంగతి వేరు. దాని కాలువ మీద పొలాలు బతుకుతున్నాయి. అక్కడ గోడను ముట్టుకోకుండా దిగువన బండరాళ్ళతో ఏటవాలు దారి వేయవచ్చు. ఇరవై మీటర్లకు ఒక మీటరు లేచే వాలు కన్నా నిటారుగా పోవద్దు, చిన్న చేపలుంటే ముప్ఫై మీటర్లకు ఒకటి మంచిది. రాళ్ళను నున్నగా పరచకుండా కొన్నిటిని నిలువుగా పాతితే వాటి వెనుక చేప ఆగి ఊపిరి తీసుకోవడానికి చోటు దొరుకుతుంది. స్థలం లేనప్పుడే, నీటి తొట్లను మెట్లలా ఒకదానిపై ఒకటి కట్టే తొట్ల మెట్లదారికి వెళ్ళండి. బెల్జియంలో 1909లో డెనిల్ రూపొందించిన నిటారు గాడి నిచ్చెన బలమైన చేపలకు బాగా పనిచేస్తుంది కానీ పరకకు, బొమ్మిడాయికి దాన్ని నేను సూచించను.

తొట్టి పరిమాణాన్ని కంటితో నిర్ణయించకండి. సెకనుకు 50 లీటర్ల నీరు 10 సెంటీమీటర్ల మెట్టు దిగితే తొట్టిలో సుమారు 49 వాట్ల శక్తి సుడులుగా మారుతుంది. ఘనమీటరుకు 100 వాట్లకు మించకూడదనుకుంటే ఆ తొట్టిలో కనీసం అర ఘనమీటరు నీరు నిలవాలి. అంతకన్నా చిన్న తొట్టిలో చేపకు విశ్రాంతి ఉండదు. మెట్టు గోడకు అడుగున కూడా ఒక కంత ఉంచండి, నేలను అంటుకుని ఈదే జెల్ల, బొమ్మిడాయి పైనుంచి దూకవు.

దారి ఎంత బాగున్నా దాని కింది నోరు చేపకు దొరక్కపోతే వృథా. చేప బలమైన ప్రవాహాన్ని పట్టుకుని గోడ మొదలు దాకా వచ్చి అక్కడే వెతుకుతుంది కనుక నోరు గోడ పాదం దగ్గరే, ఒడ్డు వారగా ఉండాలి. దిగువన ముప్ఫై అడుగుల దూరంలో నోరు పెట్టిన ఒక నిచ్చెన పక్కనుంచే చేపలన్నీ దాటిపోయి గోడకు తలలు కొట్టుకోవడం నేను చూశాను. పై నోరు కాలువ తూముకు దూరంగా ఉండాలి, లేకపోతే కష్టపడి ఎక్కిన చేప తిన్నగా పొలాల్లోకి పోతుంది.

అనుమతులు, మనుషులు

కట్టడం నీటిపారుదల శాఖది, చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘానిది, నీటి వాటా రైతులది. ముగ్గురి మాటా లిఖితపూర్వకంగా తీసుకోండి. చేపల నమూనాలు సేకరించే ముందు మత్స్యశాఖ అనుమతి, అటవీ హద్దుల్లో అయితే అటవీశాఖ అనుమతి ఉండాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడిన గ్రామ జీవవైవిధ్య కమిటీ దగ్గర ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉంటే, దానిలో ఆ ఊరి చేపల పేర్లు ముందే దొరకవచ్చు. జాతిని గుర్తించడంలో సందేహం వస్తే నగరంలోనే భారత జంతు సర్వేక్షణ సంస్థ మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది.

గంగపుత్రుల, ముదిరాజుల పెద్దలతో కూర్చునేటప్పుడు ప్రశ్నల పట్టిక చేతిలో పెట్టుకోకండి. "ఏ చేప ముందు ఎక్కుతది, పగలా రాత్రా, ఇదివరకు ఎక్కడిదాకా పోయేది" అని అడిగి వినండి. దారి తెరిస్తే గోడ కింద దొరికే సులువైన వేట వాళ్ళకు పోతుంది. ఆ నష్టాన్ని దాచకుండా చెప్పి, నిచ్చెనలోనూ దాని రెండు నోళ్ళ దగ్గరా వల వేయకూడదన్న కట్టుబాటును సంఘం చేతనే పెట్టించాలి. పైనుంచి ఏ అధికారి పెట్టిన నిషేధ బోర్డుకూ ఆ కట్టుబాటుకున్న బలం ఉండదు.

కట్టిన తరువాత

నిర్మాణానికి ముందు ఒక వానాకాలం ఎగువా దిగువా వల వేసి జాతులు, పొడవులు రాసుకుని ఉంటేనే తరువాతి లెక్కకు అర్థం ఉంటుంది. కట్టిన తరువాత దిగువన పట్టిన చేపల పొట్ట రెక్క కొసను కొద్దిగా కత్తిరించి వదిలి, ఎగువన ఆ గుర్తున్నవి ఎన్ని దొరుకుతాయో చూడండి. డబ్బుంటే పెద్ద చేపలకు 12 మిల్లీమీటర్ల పిట్ ట్యాగు (ఒంట్లో అమర్చే చిన్న గుర్తింపు చిప్పు) అమర్చి, దాన్ని చదివే యాంటెన్నాను దారి పై నోట పెట్టవచ్చు. మీ నివేదికలో ఎన్ని చేపలు ఎక్కాయన్నదాని పక్కనే ఎంత పొడవున్నవి ఎక్కాయన్నది తప్పక ఉండాలి. పెద్దవే ఎక్కితే మెట్ల ఎత్తు ఇంకా తగ్గించాలన్నమాట.

మొదటి రెండేళ్ళు ప్రతి పెద్ద వాన తరువాతా ఎవరో ఒకరు వెళ్ళి గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, కొట్టుకొచ్చిన కొమ్మలు తీయాలి. ఆ మనిషి ఊరివాడై ఉండాలి, ఆ పనికి కూలీ అంచనా పత్రంలోనే రాసి ఉండాలి. జూన్ మొదటి వారానికి ముందు ఒకసారి తొట్లలోని ఒండ్రు ఎత్తించి, కదిలిన రాళ్ళను సర్ది, మెట్ల ఎత్తులను మళ్ళీ కొలిచి, వేసవి కొలతల పుస్తకంలో నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె రాయండి.