మంచం పట్టినవారికి పడకపుండ్లు: ముందు బరువు తీయాలి, ఆ తరువాతే మందు

పక్షవాతం వల్లనో, తుంటి ఎముక విరిగో మంచం పట్టిన మనిషికి పుండు పడితే ఇంట్లోవారు ముందుగా మందుల దుకాణానికి వెళ్లి పూతమందు తెస్తారు. ఎముకకూ పరుపుకూ నడుమ గంటల తరబడి నలిగిన చర్మానికి రక్తం అందక పడిన పుండు, ఆ బరువు తీయనంతకాలం ఎంత ఖరీదైన మందు రాసినా మానదు.

అందువల్ల రాత్రివేళతో సహా సుమారు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకు తిప్పితే భారమంతా తుంటి మీద పడుతుంది కనుక, వీపు వెనుక దిండు ఆన్చి 30 డిగ్రీల మేరకే ఒరిగించి, మోకాళ్ల మధ్య మరొక దిండు ఉంచాలి. పిక్కల కింద దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. మనిషిని ఈడ్చకుండా, కింద పరచిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపాలి. గాలి పరుపు కొన్నామన్న ధీమాతో పక్క మార్చడం మానేసేవారున్నారు; అది సాయం చేస్తుందే తప్ప మనిషిని తిప్పదు. నడుమ రంధ్రమున్న రబ్బరు రింగు అసలే వద్దు, దాని అంచు కొత్తచోట రక్తాన్ని అడ్డుకుంటుంది. చక్రాల కుర్చీలో కూర్చునేవారు పావుగంట నుంచి అరగంటకొకసారి బరువు అటూ ఇటూ మార్చుకోవాలి.

రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు నడుము దిగువ, తుంటి, మడమలు, చీలమండలు, తల వెనుక భాగం చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్లే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు. నల్లబారడం, వేడి, గట్టిదనం చేత్తో తడిమి గమనించాలి. అక్కడ మర్దన చేస్తే లోపలి కణజాలం మరింత దెబ్బతింటుంది. మలమూత్రాల తడిని వెంటనే శుభ్రం చేసి, మెత్తని గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీము పూయాలి.

చర్మం చిట్లితే సెలైన్‌తో కడిగి, వైద్యుడో నర్సో సూచించిన డ్రెస్సింగ్ వేయాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు, పౌడరు వేయరాదు. గాలి తగిలితే ఎండి మానుతుందన్నది పాత నమ్మకం. కొద్దిపాటి తేమలోనే కొత్త చర్మం పెరుగుతుంది. మడమ మీద గట్టిగా ఎండిన నల్లటి పెచ్చును ఇంట్లో పీకకూడదు. పుండు మానడానికి మాంసకృత్తులిచ్చే గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు రోజూ కావాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే ఎంత తినిపించాలో వైద్యుణ్ణి అడగాలి. మధుమేహం అదుపు తప్పితే పుండు మానదు.

దుర్వాసన, చీము, జ్వరం, మగత కనిపించినా, పుండులో కండగానీ ఎముకగానీ బయటపడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.