మల్గీ అద్దె లెక్కలో పేచీ వస్తే ఏం చేయాలి?

హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో మల్గీ (దుకాణం గది) అద్దెకు తీసుకుని నాలుగేళ్లయింది. ఒక రోజు యజమాని లెక్క కాగితం చేతికిచ్చి, "మీరు నాకు ఇంత బాకీ" అంటారు. మీ లెక్కలో బాకీయే లేదు. అప్పుడు కోపంతో అద్దె ఆపేయడం మొదటి తప్పు. మీ లెక్కకు వచ్చినంత బ్యాంకు ద్వారా కట్టి, మిగతా మొత్తంపై అభ్యంతరం ఉందని అదే రోజు రాసి పంపండి. ఎగవేతదారు అన్న ముద్ర పడితే లెక్క సంగతి పక్కకు పోయి, ఖాళీ చేయించే కేసు ముందుకొస్తుంది.

తర్వాత లీజు పత్రం తీయండి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలి; లేకపోతే అందులోని షరతులను కోర్టులో నిలబెట్టుకోవడం కష్టం. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. ఈ భ్రమ మన నగరంలో చాలామందికి ఉంది.

ఇక కొలత. చదరపు అడుగు 50 రూపాయలు, 1,200 అడుగులు, నెలకు 60,000 అనుకుందాం. ఇద్దరూ ఉండగానే టేపు పట్టండి: షట్టరు లోపలి అంచు నుంచి వెనక గోడ దాకా, ఆపైన అడ్డంగా. 840 అడుగులే తేలిందనుకోండి. మిగతా 360 మెట్లు, లిఫ్టు, వరండాల వాటా, గోడల మందం. పత్రంలో 'కార్పెట్ ఏరియా' (గోడల లోపలి నేల) అని ఉంటే అద్దె 42,000. 'సూపర్ బిల్టప్' (గోడలు, ఉమ్మడి స్థలాల వాటా కలిపి) అని ఉంటే 60,000. అడుగుల ప్రస్తావనే లేకుండా 'నెలకు 60,000' అని ఉంటే టేపు చుట్టి లోపల పెట్టేయడమే మేలు.

'ఏటా 5 శాతం పెంపు' అన్న వాక్యం ఇంకా ప్రమాదకరం. మొదటి అద్దె మీదా, అంతకుముందు ఏటి అద్దె మీదా? 60,000 అద్దెకు నాలుగో ఏట ఈ రెండు లెక్కల తేడా నెలకు 457 రూపాయలే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తొమ్మిదో ఏటికి అదే 4,647 అవుతుంది. పెంపు పత్రం తేదీ నుంచా, అద్దె మొదలైన తేదీ నుంచా అన్నదీ చూడండి. సామాను అమర్చుకోవడానికి మూడు నెలలు అద్దె మినహాయించి ఉంటే, ఏటా మూడు నెలల పెంపు ఇటో అటో పోతుంది.

జీఎస్టీని, టీడీఎస్‌ను అద్దెతో కలపకుండా విడి గడుల్లో రాయండి. మీరు కోసి ప్రభుత్వానికి జమచేసిన టీడీఎస్‌నే బాకీగా రాసుకునే యజమానులున్నారు. టీడీఎస్ సర్టిఫికెట్ చూపిస్తే అక్కడితో సగం గొడవ తీరుతుంది.

మాటలతో తెగకపోతే, పత్రంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట, ఇద్దరూ ఒప్పుకున్న వ్యక్తి తీర్పు చెప్పే పద్ధతి) షరతు ఉందేమో వెతకండి. ఉంటే దారి అటే. నగరంలో నెల అద్దె 3,500 దాటితే అద్దె నియంత్రణ చట్టం వర్తించదు, కాబట్టి ఆ షరతు లేనప్పుడు సివిల్ కోర్టుకే వెళ్లాలి. వ్యాపార స్థలం తగాదా విలువ 3 లక్షలో, ఆపైనో ఉంటే అది వాణిజ్య వివాదం. అలాంటప్పుడు అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి (మీడియేషన్) వెళ్లి తీరాలి.

అద్దె బాకీకి దావా గడువు మూడేళ్లు. యజమాని కాగితంలో అంతకన్నా పాత నెలలుంటే, వాటికి దావా గడువు తీరిపోయిందని గుర్తు పెట్టుకోండి. గడువు తీరని నెలల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి: బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే ఆ మూడేళ్లు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతాయి. సంతకం అడిగితే "కాగితం అందింది, లెక్కకు ఒప్పుకోవడం లేదు" అని రాసి, దాని కింద చేయండి.