ప్రొపెల్లర్‌లో తేడా కనిపిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ఇది సెస్నా 172, 182 లాంటి చిన్న విమానాల అల్యూమినియం ప్రొపెల్లర్ల సంగతి. బ్లేడు మీద చెయ్యి వేసేముందు మాగ్నెటో (ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే పరికరం) స్విచ్ ఆఫ్ చేసి తాళం తీసేయండి. అయినా ధీమా వద్దు. మాగ్నెటోను ఆపే గ్రౌండ్ వైరు తెగి ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇంజన్ అంటుకోవచ్చు.

బ్లేడు ముందు అంచున గాటు

కారణం దాదాపు ఎప్పుడూ గులకరాయే. కంకర మీద నిలబెట్టి థ్రాటిల్ పెంచితే ప్రొపెల్లరే రాళ్లను లాక్కుంటుంది. 172ఎస్‌లో 76 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 సార్లు తిరిగేటప్పుడు బ్లేడు కొస వేగం సెకనుకు దాదాపు 270 మీటర్లు. గాటు అడుగు వాడిగా ఉంటే ఒత్తిడంతా అక్కడే చేరి పగులు మొదలవుతుంది. అది పెరిగితే బ్లేడు ముక్క ఊడిపోతుంది. ‘చిన్నదే కదా, వచ్చే తనిఖీలో చూద్దాం’ అనే మాట నాకు అసలు నచ్చదు.

గోరుతో అంచు వెంట తడమండి, గోరు తట్టుకున్నచోట ఆగండి. లైసెన్సున్న ఇంజనీరు సన్నటి ఆకురాయితో ఆ వాడిని తీసేసి, పల్లాన్ని నునుపుగా సాగదీస్తారు. ప్రొపెల్లర్లు తయారుచేసే హార్ట్‌జెల్ లెక్కలో ఆ పల్లం పొడవు అంచున గాటు లోతుకు పది రెట్లు, బ్లేడు ముఖం మీద ఇరవై రెట్లు ఉండాలి. తర్వాత ఎమరీ కాగితంతో రుద్దడం, పగులు లేదని తేల్చే డై పరీక్ష (పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవంతో చేసేది), చివర రంగు వేయడం. లోతు మాన్యువల్ హద్దు దాటితే బ్లేడు వర్క్‌షాపుకే.

వణుకు

స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యన ఉండే కోసు మూత) పగిలిందేమో, బోల్టులు వదులయ్యాయేమో ముందు చూడండి. ఆ తర్వాత ట్రాకింగ్: కొస దగ్గర ఒక దిమ్మె పెట్టి, చేత్తో తిప్పుతూ రెండు బ్లేడ్లూ ఒకే చోటికి వస్తున్నాయా చూడాలి. తేడా అంగుళంలో 1/16 వంతు దాటకూడదు. అన్నీ సరిగ్గా ఉంటే డైనమిక్ బ్యాలెన్సింగ్ (ఇంజన్ నడుస్తుండగా వణుకు కొలిచి బరువు సరిచేయడం) చేయించండి.

హబ్ (బ్లేడ్లు అమరే మధ్య భాగం) దగ్గర నూనె, గ్రీజు చారలు

ఇది పిచ్, అంటే బ్లేడు కోణం, మారే ప్రొపెల్లర్లకే. సాధారణంగా సీలు పోయి ఉంటుంది. మెకాలీ కంపెనీ చేసే కొన్ని హబ్‌లలో ఎర్ర రంగు కలిపిన నూనె ఉంటుంది. ఆ ఎరుపు బయటికొస్తే పగులు అనుమానించి విమానాన్ని ఆపేయాలి.

బ్లేడు నేలకు తగిలింది

వంపును సుత్తితో సరిచేయడం నేరంతో సమానం. బ్లేడు బాగానే కనిపించినా లోపల క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజన్ ఇరుసు) దెబ్బతిని ఉండొచ్చు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2004లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ప్రొపెల్లర్ అలా తగిలిన లైకమింగ్ కంపెనీ ఇంజన్లలో వెనకవైపు క్రాంక్‌షాఫ్ట్ గేరును తనిఖీ చేసి, దాని బోల్టు మార్చాకే మళ్లీ ఎగరాలి.