లారీ స్టీరింగ్‌లో తయారీ లోపం ఉంటే రీకాల్‌కు ఫిర్యాదు చేసే విధానం

చీమకుర్తిలో గ్రానైట్ రాళ్లు ఎత్తుకుని కృష్ణపట్నం రేవుకు బయల్దేరిన లారీకి దారిలో స్టీరింగ్ మొరాయిస్తే ఏమవుతుందో డ్రైవర్లకు చెప్పనక్కర్లేదు. ఆ లోపం కంపెనీ నుంచే వచ్చిందైతే బాగుచేయించే బాధ్యత కంపెనీదే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ కింద అలాంటి బండ్లను వెనక్కి పిలిపించమని (దీన్నే రీకాల్ అంటారు) కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. కంపెనీ ఉచితంగా రిపేరు చేయాలి, లేదా వేరే బండి ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. ఈ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. బండి తయారై 7 ఏళ్లు దాటకూడదు. తయారీ నెల, సంవత్సరం ఆర్సీలోనే ఉంటాయి. రిజిస్ట్రేషన్ తేదీ చూసుకుని లెక్క తప్పొద్దు.

ముందుగా, మీ బండికి ఇప్పటికే రీకాల్ ప్రకటించారేమో కనుక్కోండి. 17 అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే చెబుతారు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. కంపెనీ పంపే ఉత్తరం, మెసేజ్ రికార్డులో ఉన్న పాత ఓనరుకే పోతాయి. ఆర్సీ పేరు మార్పిడి, మొబైల్ నంబరు నమోదు వాయిదా వేస్తే కబురు మీదాకా రాదు.

రీకాల్ లేకపోతే, మీ బండిది తయారీ లోపమా, అరుగుదలా అన్నది తేల్చుకోవాలి. ఓవర్ లోడుతో తిప్పి, గ్రీజు కొట్టించక కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్ను) అరిగితే అది కంపెనీ తప్పు కాదు. కొత్త బండికే స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, కొత్తది వేసిన టై రాడ్ ఎండ్ (ముందు చక్రాలను తిప్పే కడ్డీ చివరి కీలు) మళ్లీ మళ్లీ పోవడం, స్టీరింగ్ బాక్స్ నుంచి ఆయిల్ కారడం ఆగకపోవడం, అదే మోడల్ నడిపే తోటి డ్రైవర్లూ ఇదే మాట చెప్పడం — ఇలాంటివి ఉంటే ఫిర్యాదు చేయాల్సిందే. షెడ్డులో తీసేసిన భాగాన్ని తుక్కులో వేయనివ్వకండి. జాబ్ కార్డు (చేసిన పని రాసిచ్చే కాగితం), బిల్లుతో పాటు దాన్నీ దాచండి.

ఫిర్యాదు కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లోని వాహన రీకాల్ పోర్టల్‌లో పెట్టాలి. మొబైల్‌కు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్లి, ఆర్సీలో ఉన్నది ఉన్నట్టు బండి వివరాలు నింపాలి. లోపం రాసేచోట ‘స్టీరింగ్ బాగాలేదు’ అని వదిలేస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘ఫలానా తేదీన సింగరాయకొండ దాటాక, సుమారు 50 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ కుడివైపు తిరగలేదు, మీటరు రీడింగ్ ఇంత’ అని రాయండి. ఆ వివరం డ్రైవరుకే తెలుస్తుంది కాబట్టి ఓనరు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నింపడం మంచిది.

ఫిర్యాదుల సంఖ్య ఇక్కడ చాలా ముఖ్యం. రీకాల్ దాకా వెళ్లాలంటే, భారీ లారీలు, బస్సుల విషయంలో ఏడాది అమ్మకాల్లో 3 శాతం బండ్లపై ఫిర్యాదులు రావాలన్నది నిబంధనల్లోని లెక్క. మన దగ్గర ఓనర్లు షెడ్డులో డబ్బు కట్టి మర్నాడే కిరాయికి పంపేస్తారు. బండి నిలబడితే వాయిదా ఎలా కట్టాలన్న వాళ్ల బాధ నిజమే. కానీ ఫిర్యాదు నమోదు కాని బండి ఆ లెక్కలోకి రాదు. అసోసియేషన్ తరఫున ఒక్క అర్జీ ఇచ్చి ఊరుకోకుండా, ఏ బండికా బండి విడిగా నమోదు చేయించండి.

పోర్టల్‌లో పెట్టినంత మాత్రాన మీరు ఖర్చు పెట్టిన డబ్బు తిరిగి రాదు. దానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా ఒంగోలు, నెల్లూరుల్లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని కంపెనీ వాదించవచ్చు. అయితే సొంతంగా బండి నడుపుకుంటూ దాని మీదే బతికేవాళ్లకు చట్టంలో మినహాయింపు ఉంది. బండి కొన్న ధర 50 లక్షలు దాటకపోతే కేసు జిల్లాలోనే నడుస్తుంది.

ఫిర్యాదు పెట్టాం కదా అని అదే స్టీరింగ్‌తో లోడు ఎత్తొద్దు. రీకాల్ కింద పని పూర్తయ్యాక ఏ భాగం మార్చారో జాబ్ కార్డులో రాయించుకుని, దాని కాపీ ఆర్సీతో పాటు బండిలో ఉంచండి.